బొమ్మల ఫొటోలు ఎవరికి చూపించి పంపాలి? ఆర్ట్ ఫెయిర్ దరఖాస్తుకు ముందు ఎంపిక సలహా

ఆర్ట్ ఫెయిర్‌లో స్టాల్ దొరికేది బొమ్మను చూసి కాదు, బొమ్మ ఫొటోను చూసి. మన విజయవాడ, గుంటూరు చిత్రకారుల్లో చాలామందికి ఇది తెలిసిన సంగతే. అయినా దరఖాస్తు నింపే రోజున గుర్తుండదు. నెలల తరబడి కూర్చుని వేసిన కాన్వాసును రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద సోఫాకి ఆనించి ఫొటో తీస్తారు. ఇంట్లో నలుగురూ బాగుందన్నారని పంపేస్తారు. ఎంపిక కాకపోతే మాత్రం తప్పు బొమ్మలో ఉందేమోనని వెతుక్కుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. బొమ్మకి అన్యాయం చేసింది ఫొటో, నింద పడింది బొమ్మ మీద.

బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ప్రతి ఏటా జనవరిలో కుమారకృప రోడ్డు మీద జరిపే చిత్రసంతెకి దేశం నలుమూలల నుంచీ వెయ్యిమందికి పైగా కళాకారులు వస్తారు. అక్కడ చోటు కావాలంటే ముందు పంపిన ఫొటోలు వడపోతలో నిలవాలి. ముంబైలో కాలా ఘోడా ఉత్సవం స్టాళ్లకూ పోటీ గట్టిగానే ఉంటుంది. ఇండియా ఆర్ట్ ఫెయిర్ సంగతి వేరు. 2008లో ఇండియా ఆర్ట్ సమ్మిట్ పేరుతో మొదలైన ఆ ఫెయిర్ ప్రధానంగా గ్యాలరీల కోసం. విడి చిత్రకారుడు నేరుగా వెళ్లి స్టాల్ అడిగే చోటు కాదు కాబట్టి దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

అమెరికాలో ఈ పద్ధతి ఇంకా పకడ్బందీగా సాగుతుంది. 1960 నుంచి జరుగుతున్న ఆన్ ఆర్బర్ వీధి ఆర్ట్ ఫెయిర్ మొదలుకుని అక్కడి పేరున్న ఫెయిర్లన్నీ జ్యూరీతో, అంటే ఎంపిక కమిటీతో ఎంపిక చేస్తాయి. చాలావాటికి దరఖాస్తులు జాప్లికేషన్ అనే వెబ్‌సైటు ద్వారా వెళ్తాయి. జ్యూరీ సభ్యులకి సాధారణంగా కళాకారుడి పేరు కనిపించదు. కొన్ని బొమ్మల ఫొటోలు, వాటితో పాటు స్టాల్ ఫొటో ఒకటి, ఒకే వరసలో తెర మీద పక్కపక్కనే వస్తాయి. వందల దరఖాస్తులు చూడాలి కాబట్టి ఒక్కో వరస మీద నిలిచే చూపు క్షణాల లెక్కే. ఎంపికైనా కాకపోయినా దరఖాస్తు రుసుము తిరిగి రాదు. అక్కడ స్థిరపడి బొమ్మలు వేసుకుంటున్న మనవాళ్లు ఫొటోలు ఇక్కడికి పంపి "ఎలా ఉన్నాయో చూసి చెప్పండి" అని అడగడం మామూలే. ఈ సలహా వాళ్లకీ, వాళ్ల ఫొటోలు చూసి చెప్పేవాళ్లకీ కూడా.

ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి

తెలిసిన మనిషి పాస్‌పోర్టు ఫొటో చూసినప్పుడు అందులో లేని నవ్వు కూడా మనకి కనిపిస్తుంది. బొమ్మ ఫొటోతోనూ అంతే. అసలు బొమ్మను ఒక్కసారి చూసిన కన్ను, ఆ తర్వాత ఫొటోను ఫొటోగా చూడలేదు. ఫొటోలో ముదురు నీలం నల్లగా మారిపోయినా, కత్తితో పూసిన రంగు మందం కనపడకపోయినా, జ్ఞాపకం ఆ లోటును పూడ్చేస్తుంది. చూసినవాళ్లు నిజాయితీగానే "బాగా వచ్చింది" అంటారు. అబద్ధమేమీ కాదు. వాళ్లు ఫొటోను చూడలేదు, అంతే.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలన్న లెక్కలో రెండు ప్రశ్నలే ముఖ్యం. ఈయన అసలు బొమ్మ చూశాడా? ఎంపిక కమిటీ ఎలా చూస్తుందో ఈయనకి తెలుసా? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని జవాబు వచ్చే మనిషి దొరికితే అదృష్టం. అలాంటివాళ్లు మన ఊళ్లలో చాలా తక్కువ. అందుకే ఎవరి దగ్గర ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలుసుకోవడం అవసరం.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు, వాట్సాప్ గ్రూపులు

ఇంట్లోవాళ్లు అసలు బొమ్మను రోజూ చూస్తూనే ఉంటారు. ఫొటో విషయంలో వాళ్ల మాట నిలవదు. ఒక్క పనికి మాత్రం వాళ్లు బాగా పనికొస్తారు. ఎంపిక చేసుకున్న అయిదు ఫొటోలూ ల్యాప్‌టాప్ తెర మీద చిన్నగా ఒకే వరసలో పెట్టి, అయిదు లెక్కపెట్టేలోగా మూసేసి, "ఏం గుర్తుంది?" అని అడగండి. అత్తయ్యగారు "ఎర్ర చీర ఆవిడ, ఏదో పడవ" అన్నారంటే మిగతా మూడూ చూపును పట్టలేదన్నమాట. బాగుందా, బాగోలేదా అని అడగకండి. గుర్తున్నదేమిటో అడగండి. ఎదురింటివాళ్లూ, పిల్లల ట్యూషన్ మాస్టారూ, బొమ్మ చూడని ఎవరైనా ఈ పరీక్షకి ఇంట్లోవాళ్ల కంటే మేలు.

వాట్సాప్ గ్రూపులో పెట్టడం నేను వద్దంటాను. ఫొటోను వాట్సాప్ కుదించి పంపుతుంది. సన్న గీతలు చెదురుతాయి, నున్నటి రంగు మార్పుల్లో మెట్లు పడతాయి. అవతలివాళ్లు చూసేది మీరు దరఖాస్తులో పెట్టబోయే ఫొటోనే కాదు. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్ లింకు ఇవ్వండి. ఫొటో మారకుండా వెళ్తుంది. ఇంకో చిక్కు, గ్రూపులో మొదటి వ్యక్తి దండం గుర్తు పెడితే తర్వాత వచ్చే ముప్పై మందీ అదే పెడతారు. అది ఆదరణ, అభిప్రాయం కాదు.

చాట్‌బాట్‌కి ఫొటోలు ఎక్కించి అడిగేవాళ్లూ ఇప్పుడు కనిపిస్తున్నారు. అంచు వంకరగా ఉందా, తెలుపు పసుపు తిరిగిందా లాంటివి అడగడానికి పర్వాలేదు. వరస బలంగా ఉందా లేదా అన్నదానికి ఆ జవాబు మీద ఆధారపడవద్దు. మనం ఏ జవాబు కోరుకుంటున్నామో అటే మొగ్గుతుంది.

మాస్టారు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మన దగ్గర బొమ్మలు నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఒక మాస్టారు ఉంటారు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారో, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చెప్పినవారో. ఏ పని పెట్టుకున్నా ముందు వారికి చూపించడం మర్యాద, అది మానమని నేను చెప్పను. కానీ మాస్టారి చూపు బొమ్మ మీదికి పోతుంది. చెయ్యి పొట్టిగా పడిందనో, నేపథ్యం బరువైందనో చెప్తారు. అవి నిజమే కావచ్చు. గడువు ఇంకో వారం ఉందనగా ఆ మాటతో చేసేదేమీ ఉండదు. పైగా మళ్లీ బ్రష్ పట్టుకుని, బాగున్న బొమ్మనూ చెడగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మాస్టారి దగ్గరికి ఫొటోలు తీయకముందే వెళ్లడం మేలు. "ఈ పన్నెండు బొమ్మల్లో ఒకే దారిలో నడిచేవి ఏవి?" అని అడగండి. మన పనిని ఏళ్ల తరబడి చూసినవారు కాబట్టి, మనకే తెలియని పోలికలు వారికి తెలుస్తాయి. కృష్ణ ఒడ్డున వేసిన ప్రకృతి దృశ్యాలు, రెండు దేవుడి బొమ్మలు, ఒక అబ్‌స్ట్రాక్టు కలిపి పంపితే ముగ్గురు మనుషులు వేసినట్టు ఉంటుంది. ఎన్ని రకాలు వేయగలరో జ్యూరీకి అక్కర్లేదు. స్టాల్ ముందు నిలబడితే ఏం కనిపిస్తుందో అదే కావాలి. ఈ ఒక్క ఎంపిక మాస్టారు చేసిపెట్టగలిగితే సగం పని అయినట్టే. ఫొటోల మంచిచెడ్డలు ఆ తర్వాత వేరేవాళ్లతో తేల్చుకోవచ్చు.

ఫొటో స్టూడియో వాళ్లు

గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో మంచి పరికరాలున్న స్టూడియో దొరకడం కష్టం కాదు. వెలుతురు, ఫోకస్, అంచులు నిటారుగా ఉన్నాయా లేదా, ఇవన్నీ మన కంటే వాళ్లకి బాగా తెలుసు. చిక్కంతా పెళ్లి ఫొటోల అలవాటుతో వస్తుంది. చర్మం నిగనిగలాడాలి, రంగులు పొంగాలి అన్న చెయ్యి బొమ్మ మీద కూడా అదే చేస్తుంది. కాన్వాసు నేత నున్నబడిపోతుంది. ఎరుపు మండిపోతుంది.

ఎరుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డును బొమ్మగా వేయాలని అనుకోని చిత్రకారుడు ఈ ప్రాంతంలో అరుదు. ఆరబోసిన కాయల మీద ఎండ, ముడతలు, తొడిమలు, నీడలో ముదురెరుపు, ఇన్ని ఛాయలు చేత్తో వేస్తాం. చిక్కటి ఎరుపు ఎదురైతే కెమెరాలో ఎరుపు ఛానెల్ (ఎరుపును నమోదు చేసే భాగం) నిండిపోయి పైకి పోనంటుంది. ఛాయలన్నీ కలిసి ఒకే ఎర్ర మచ్చగా మిగులుతాయి. అసలు బొమ్మ చూసినవాడికి ఆ మచ్చలోనూ ముడతలు కనిపిస్తాయి. జ్యూరీకి మచ్చే కనిపిస్తుంది. స్టూడియోవాళ్లని అడగాల్సింది ఇది: ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) కాస్త తగ్గించి, రా ఫైల్‌లో (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైలు) తీయగలరా? పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తెలుపును సరిచేయగలరా? రెండు లైట్లు చెరో వైపు నలభై అయిదు డిగ్రీల కోణంలో పెట్టి, వార్నిష్ మెరుపు రాకుండా చూడగలరా? చివరి ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో (తెరలన్నిటికీ సరిపోయే మామూలు రంగుల పద్ధతి) ఇస్తారా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబిచ్చేవాళ్ల దగ్గర డబ్బు ఖర్చు పెట్టడం తప్పు కాదు. "మేం చూసుకుంటాం సార్" అని మాత్రమే అంటే ఇంకో చోట అడగండి.

స్టూడియో ఖర్చు వద్దనుకుంటే ఇంట్లోనూ తీసుకోవచ్చు. పగటి వెలుతురు నేరుగా పడని వరండా, మబ్బు పట్టిన రోజు చాలు. ఆగస్టు, సెప్టెంబరు వానాకాలం మబ్బులు ఈ పనికి భలే అనుకూలం. వేసవిలో బెజవాడ ఎండకి దడిసి చెట్టు నీడన పెట్టి తీస్తుంటారు. ఆకుల పచ్చదనం తెల్లటి చోట్లకి పాకుతుంది. రంగు వేసిన గోడ పక్కన తీసినా అంతే, ఆ గోడ రంగు బొమ్మలోకి వస్తుంది. ఫోన్‌తో తీసేటప్పుడు దగ్గరికి వెళ్లకుండా వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీస్తే అంచులు ఉబ్బవు. గాజు ఫ్రేమ్ విప్పేయాలి. గదిలో పసుపు బల్బు, తెల్ల బల్బు కలిపి వెలిగించకూడదు.

ఈ సాంకేతిక పని ఎవరి అభిప్రాయమైనా అడగకముందే ముగించాలి. పచ్చ తిరిగిన ఫొటో చూపించి సలహా అడిగితే, అందరూ ఆ పచ్చదనం గురించే చెప్తారు, వరస గురించి ఎవరూ మాట్లాడరు.

చేతిపని చేసేవాళ్లకి ఇంకో చిక్కు

కొండపల్లి బొమ్మలు, తోలుబొమ్మలు, పెడన కలంకారీ చేసేవాళ్లు సాటి పనివాళ్లని అడుగుతారు. వాళ్లకి వస్తువు పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. తెల్ల పొణికి చెక్కని చూడగానే గుర్తుపడతారు. ఢిల్లీలోనో, డెన్వర్‌లోనో కూర్చున్న సభ్యుడికి అది చెక్కో, మట్టో, ప్లాస్టిక్కో ఫొటోయే చెప్పాలి. అంబారీ ఏనుగు అరచేతిలో పట్టేదో, మోకాలెత్తుదో ఫొటోయే చెప్పాలి. తోలుబొమ్మను ఎదుటి నుంచి లైటు వేసి తీస్తే కాగితం మీద వేసిన రంగుల బొమ్మలా ఉంటుంది. వెనక నుంచి వెలుతురు ఇస్తేనే తోలు పారదర్శకత, చిల్లుల నగిషీ తెలుస్తాయి. రెండు రకాలుగానూ తీసి, ఈ కళ ఎప్పుడూ చూడని మనిషికి చూపించి "ఇది దేనితో చేశారు? ఎంత పెద్దది?" అని అడగండి. తప్పు జవాబు వస్తే ఫొటో మార్చాలి. ఎన్ని చదువులు చదివిన సలహాదారుకన్నా ఇక్కడ తెలియనివాడి మాటే విలువైనది.

తోటి చిత్రకారులు

నా మట్టుకు నాకు అన్నింటిలోకీ మంచి దారి ఇదే అనిపిస్తుంది, కాకపోతే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. మీ శైలిలోనే, మీ మాధ్యమంలోనే పని చేసేవాళ్లు తెలియకుండానే తామైతే ఎలా వేసేవాళ్లో చెప్తారు. మీరు ఆయిల్ వేస్తే శిల్పం చేసేవారినో, ప్రింట్లు తీసేవారినో అడగండి. ఒకే ఊళ్లో, ఒకే గ్రూపులో తిరిగేవాళ్లు మీ బొమ్మలన్నీ ప్రదర్శనల్లో చూసే ఉంటారు. అందుకే విజయవాడవాళ్లు గుంటూరువాళ్లని, గుంటూరువాళ్లు విజయవాడవాళ్లని అడగడం బాగుంటుంది. ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరమే కాబట్టి ఆదివారం పొద్దున వెళ్లి, ఒకే తెర ముందు కూర్చుని మాట్లాడుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అయినా ఒకరి గదిలో ఒకరు రోజూ ఉండరు. పరిచయాలు లేకపోతే, కల్చరల్ సెంటర్ ఆఫ్ విజయవాడ అండ్ అమరావతి లాంటి చోట ప్రదర్శన మొదలయ్యే రోజున వెళ్లండి. బొమ్మలు వేసేవాళ్లు, కొనేవాళ్లు, గోడలకి వేలాడదీసేవాళ్లు అందరూ ఒక్కచోట కలుస్తారు.

వేలాడదీసేవాళ్లని వదలకండి. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ నిలుస్తుందో వాళ్లకి తెలిసినంతగా వేసేవాళ్లకి తెలియదు. వరసలో మొదటి ఫొటోలోని మనిషి బయటికి చూస్తుంటే చూపు వరస దాటి పోతుంది. లోపలికి చూసేదాన్ని ఎడమ చివర పెడితే చూపు మిగతావాటి మీదికి నడుస్తుంది. నాలుగు అడ్డ బొమ్మల మధ్య ఒక నిలువు బొమ్మ ఎక్కడ పెడితే బాగుంటుందో వాళ్లు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

ఇద్దరు ముగ్గురు కలిసి ఉత్తుత్తి జ్యూరీ కూడా పెట్టుకోవచ్చు. ప్రతి ఒక్కరూ రెండు మూడు వరసలు తేవాలి, ఎవరివో చెప్పకూడదు. ప్రొజెక్టరు గానీ పెద్ద టీవీ గానీ చాలు. ఒక్కో వరసను కొద్ది క్షణాలే చూపించి, మాట్లాడుకోకుండా మార్కులు రాసుకోవాలి. మార్కులు బయటపెట్టాకే చర్చ. ముందే మాట్లాడితే గట్టి గొంతున్నవాడి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. అడగాల్సిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోచింది ఒకటి: "ఏ ఫొటో తీసేస్తే మిగతా నాలుగూ బలపడతాయి?" మొహమాటపడేవాళ్లు కూడా దీనికి జవాబు చెప్తారు, ఎందుకంటే బాగోలేదని అననక్కర్లేదు.

డబ్బు తీసుకుని చూసేవాళ్లు

జ్యూరీల్లో కూర్చున్న అనుభవంతో వీడియో కాల్‌లో ఫొటోలు చూసి చెప్పే సలహాదారులు విదేశాల్లో ఉన్నారు, మన దేశంలోనూ కొందరు చేస్తున్నారు. నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలకీ సరైన జవాబు వీళ్లలో దొరుకుతుంది: బొమ్మ చూడలేదు, ఎంపిక తీరు తెలుసు. అయినా అందరికీ అవసరం లేదు. చిత్రసంతెలాంటి ఒక్కరోజు ఫెయిర్‌కి మొదటిసారి పెట్టుకునేవాళ్లు తోటి చిత్రకారులతో సరిపెట్టుకోవచ్చు. స్టాల్ అద్దె, బొమ్మల రవాణా, లాడ్జి ఖర్చు కలిపి పెద్ద మొత్తం అయ్యే చోటికి, లేదా అమెరికాలో ఒకే ఏడు అరడజను ఫెయిర్లకి రుసుములు కట్టబోయేవాళ్లకి ఒక గంట సలహా గిట్టుబాటవుతుంది. అవే ఫొటోలు అన్నిచోట్లకీ వెళ్తాయి కాబట్టి ఒకచోట సరిదిద్దితే అన్నిచోట్లా బాగుపడుతుంది.

డబ్బు కట్టేముందు, ఏ తరహా ఫెయిర్లకి జ్యూరీగా కూర్చున్నారో అడగండి. గ్యాలరీ ప్రదర్శనలు ఎంచిన అనుభవం వీధి ఫెయిర్‌కి పూర్తిగా సరిపోదు. స్టాల్ ఫొటో కూడా చూస్తారా అని అడగండి. అమెరికా దరఖాస్తుల్లో మనవాళ్లు నిర్లక్ష్యం చేసేది దాన్నే. స్టాల్‌లో పేరు బోర్డు కనిపించినా, మనుషులు నిలబడి ఉన్నా, పంపిన బొమ్మలకీ గోడమీద ఉన్నవాటికీ పొంతన లేకపోయినా వరస మొత్తం దెబ్బతింటుంది. ఎంపిక గ్యారంటీ అనేవాళ్ల జోలికి పోవద్దు.

ఈ ఏడు ఎంపిక చేస్తున్న కమిటీ సభ్యుణ్ణి తెలిసినవాళ్ల ద్వారా పట్టుకుని ముందే చూపించడం తప్పు. ఆయన్నీ ఇబ్బందిలో పెట్టినట్టు, సాటి కళాకారులకీ అన్యాయం చేసినట్టు. ఫలితాలు వచ్చాక, అదీ వెనకటి ఏళ్ల సభ్యుల్ని, నా వరసలో ఏది తేలిపోయిందని అడగడంలో దోషం లేదు. చాలామంది సంతోషంగా చెప్తారు. అమెరికాలో కొన్ని ఫెయిర్లు మార్కులు చెప్తాయి, కొన్ని జ్యూరీ జరుగుతుంటే కూర్చుని చూడనిస్తాయి. అక్కడ ఉన్నవాళ్లు ఒక్కసారైనా వెళ్లి చూడాలి. నాలుగొందల వరసలు కళ్ల ముందు దొర్లిపోతుంటే, ఏ ఫొటో ఎందుకు ఆపిందో ఇంకెవరూ నేర్పనంతగా తెలుస్తుంది.

అభిప్రాయాలు పొసగకపోతే

ముగ్గురిని అడిగితే మూడు మాటలు రావడం సహజం. ఫొటో నాణ్యత మీద ఎవరు ఏ లోపం చెప్పినా సరిదిద్దండి, అది రుచి విషయం కాదు. ఏ బొమ్మ ఉంచాలి, ఏది తీయాలి అన్నచోట అసలు బొమ్మ చూడనివాళ్ల మాటకే బరువు ఇవ్వండి. మీకు ప్రాణమైన బొమ్మని చూడనివాళ్లు ఇద్దరూ వదిలేయమంటే, ఆ ఫొటో మళ్లీ ఒకసారి తీసి చూపించండి. అప్పుడూ అదే మాట వస్తే ఈ దరఖాస్తుకి పక్కన పెట్టండి, స్టాల్ దొరికాక గోడ మధ్యలో దాన్నే పెట్టుకోవచ్చు. వీటన్నిటికీ గడువుకి మూడు వారాల ముందైనా మొదలుపెట్టాలి. మబ్బు రోజు కోసం ఆగాల్సి రావచ్చు, రెండోసారి తీయాల్సి రావచ్చు, చివరి రాత్రి సైటు మొరాయించవచ్చు. ఫైళ్ల పేర్లలో మీ పేరు లేకుండా, ఫెయిర్ అడిగిన పిక్సెల్ కొలతల్లో, బొమ్మ అంచు బయట గోడ కనపడకుండా కత్తిరించి, ఎక్కించాక మళ్లీ ఒకసారి ఆ సైట్లోనే తెరిచి చూసుకోండి.